అత్తగారి వేరు

మా మ్యూన్‌స్టర్‌లో ఒంటి మీద నారింజ రంగు కోటు, దారిలో రెండు ప్లాస్టిక్ శంకులు ఉంటే చాలు, పెద్ద చర్చి గోపురాన్నైనా పట్టపగలు పెరుక్కుపోవచ్చు. ఎందుకని ఒక్కడూ అడగడు. దారి ఎటు మళ్ళించారని మాత్రం అడుగుతారు. ఈ మాట కోపంతోనే అంటున్నాను. కోపం రానట్టు నటించే వయసు నాకు దాటిపోయింది. పింఛను వచ్చేదాకా ఈ ఊళ్ళో సిటీ బస్సు నడిపాను, అదీ ముందూ వెనకా సైకిళ్ళ మంద మధ్య. నా నోటికి మర్యాద తక్కువని ఊరందరికీ తెలుసు. నా పేరు రోస్విథా అని కొందరికే తెలుసు.

ఊరి నడిబొడ్డు చుట్టూ పూర్వం కోటగోడ ఉన్న చోటే ఇప్పటి మా ప్రొమెనాడ్. బారులు తీరిన లిండెన్ చెట్లు, మధ్యలో సైకిళ్ళు, పక్కన నడిచేవాళ్ళు. ఎవరి దారి వారిది. తప్పి అడుగు పెడితే ముందు గంట మోగుతుంది, తర్వాత తిట్టు. ఆ దారి పక్కనే, కాస్త వంగి నిలబడ్డ ఒక లిండెన్ కింద, మేం కొంతమంది ముసలివాళ్ళం ఇనుప గుండ్ల ఆట ఆడతాం. ముందు చిన్న చెక్కబంతి విసరాలి, దాన్ని పందిపిల్ల అంటాం. ఎవరి గుండు పందిపిల్లకు దగ్గరగా ఆగితే వాళ్ళు గెలిచినట్టు. ఆట మొత్తం ఇంతే. ఇంతోటి ఆటకు సంఘం, సంఘానికి నియమావళి ఎందుకో నాకిప్పటికీ అర్థం కాదు. కానీ మావాళ్ళు ముగ్గురు ఒక బెంచీ మీద కూర్చుంటే, నాలుగోవాడు వచ్చి అధ్యక్షుణ్ణి ఎన్నుకోమంటాడు.

మా నాలుగోవాడి పేరు ఎగ్బర్ట్. భూములు కొలిచే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. మనిషి రిటైరయ్యాడు గానీ టేపు రిటైరవలేదు. రెండు గుండ్లలో ఏది దగ్గరో కంటికే కనబడుతున్నా మోకాళ్ళ మీద కూర్చుని కొలుస్తాడు. తను కాచిన ప్రతి జామ్ సీసాకూ తేదీ అంటిస్తాడు. మాలో చేరిన ఏడాది దాకా అందరినీ ‘మీరు’ అనే పిలిచాడు. ఆ తర్వాత ఒకరోజు మమ్మల్ని వరసగా నిలబెట్టి, తలా ఒక గ్లాసు చేతికిచ్చి, ఇకనుంచి ‘నువ్వు’ అనుకోవచ్చని ప్రకటించాడు. అప్పటికే మేం వెనకాల ఏమనుకుంటున్నామో ఆయనకు తెలియదు.

ఆ లిండెన్ చెట్టుకు ఒక వేరు ఉండేది. నేల పైకి తేలి, మా ఆటస్థలానికి అడ్డంగా, మనిషి తొడంత లావున పడుకుని ఉండేది. దాన్ని మేం ‘అత్తగారు’ అనేవాళ్ళం. ఎటు తిరిగినా అడ్డం, తప్పించుకుని పోలేం, తిట్టినా పోదు. దాని మీంచి గుండును ఎలా దొర్లించాలో మా అందరికీ తెలుసు. అందరికన్నా బాగా తెలిసినావిడ వాల్బుర్గా. ఎనభై అయిదు దాటినావిడ, చేతికర్ర ఊతంగా నడిచేది. గుండును అత్తగారి వీపుకు మెల్లగా తాకించి పక్కకు తిప్పి, సరిగ్గా పందిపిల్ల ముక్కు ముందు ఆపేది.

“అత్తగారితో పోట్లాడకూడదు పిల్లా, కాస్త ఆనుకుని పోవాలి,” అనేది నాతో. నాకు అరవై ఎనిమిది. నన్ను పిల్లా అని పిలిచే మనిషి ఈ భూమ్మీద ఆవిడొక్కతే మిగిలింది.

ఆ చెట్టును నాటింది కూడా వాల్బుర్గా వాళ్ళే. యుద్ధంలో ప్రొమెనాడ్ చెట్లు సగం బాంబులకు పోయాయి, మిగిలినవాటిలో సగం చలికాలపు పొయ్యిల్లోకి పోయాయి. తర్వాత కొత్త మొక్కలు నాటేటప్పుడు బడిపిల్లల్ని తీసుకొచ్చారట. తోటమాలి మట్టి పోస్తుంటే, మొక్క పక్కకు ఒరగకుండా రెండు చేతులతో నిటారుగా పట్టుకునే పని ఈవిడకు వచ్చింది. “సరిగ్గా పట్టుకోలేదు, అందుకే వంగింది,” అని నవ్వేది.

పోయిన వసంతంలో పొరుగూరు ఓస్నాబ్రూక్ జట్టు మాతో ఆడటానికి వచ్చింది. ఆఖరి గుండు ఎగ్బర్ట్‌ది. అది అత్తగారికి తగిలి, ఎగిరి, సైకిళ్ళ దారిలో పడింది. వచ్చినవాళ్ళు పడీ పడీ నవ్వారు. “మీకు ఆటస్థలం లేదు గానీ మంచి అడవి ఉందండీ,” అన్నాడు వాళ్ళ నాయకుడు. మేమూ నవ్వాం. ఎగ్బర్ట్ నవ్వలేదు. గుండు తుడుచుకుని, టేపు తీసి, ఆ వేరు ఎంత ఎత్తుందో కొలిచాడు.

జూన్‌లో నేను ఊపిరితిత్తుల డాక్టరు మాట విని నోర్డర్నై దీవికి, సముద్రపు గాలికి వెళ్ళాను. క్యాథలిక్కులు ఊరేగింపు తీసే దివ్యసత్ప్రసాద పండుగ వారం అది. పండుగ గురువారం, శుక్రవారం ఒక్కరోజు సెలవు పెడితే ఆదివారం దాకా కలిసొస్తుంది. ఊరు సగం ఖాళీ, మా ఆట కూడా లేదు. నేను తిరిగి వచ్చేసరికి అత్తగారు లేదు. అక్కడ నేల బల్ల పరిచినట్టు చదునుగా ఉంది, మీద కొత్త ఇసుక. వాల్బుర్గా ఆసుపత్రిలో, తుంటి ఎముక విరిగి.

ఏం జరిగిందో ఎగ్బర్టే చెప్పాడు, పూలగుత్తి పట్టుకుని, ఆవిడ మంచం పక్కన నిలబడి. పండుగ రోజు పొద్దున వాల్బుర్గా ఒక్కతే ప్రొమెనాడ్‌కు వచ్చిందట. వేరు తట్టుకుని పడిందట. దారిన పోయేవాళ్ళు అంబులెన్సు పిలిచారట. ఆ కబురు వినగానే ఆయన మనసు కలుక్కుమందట. మర్నాడే రంపం పట్టుకుపోయి, ఇంకెవరికీ ఆ గతి పట్టకుండా వేరు కోసేశాడట.

“నగరపాలక వాళ్ళని అడిగావా?” అన్నాను.

“అడిగితే ఆరు నెలలు. నిబంధనల ప్రకారం అన్ని జాగ్రత్తలూ తీసుకున్నాను రోస్విథా. కోటు వేసుకున్నాను, రెండు శంకులు పెట్టాను, దారికి అడ్డంగా టేపు కట్టాను. రంపం నడపడానికి అనుమతించిన వేళల్లోనే నడిపాను. ఒక్క సైకిలు కూడా గీత దాటలేదు, తెలుసా! ఒకావిడైతే ‘బాగా చేస్తున్నారు’ అని కూడా అంది.”

వాల్బుర్గాకు పడటం గుర్తులేదు. తలకు కూడా దెబ్బ తగిలింది. అంబులెన్సులో కళ్ళు తెరిచేసరికి ఊరేగింపు గంటలు మోగుతున్నాయని, తను చచ్చిపోయాననుకున్నానని చెప్పింది. “నా కాలు తట్టుకుని నీకింత శ్రమ,” అని ఎగ్బర్ట్ చెయ్యి పట్టుకుంది. ఆయన ఆ చేతిని పట్టుకోనిచ్చాడు. ఆ దృశ్యం ఇప్పుడు తలుచుకుంటే నా ఒళ్ళు మండిపోతుంది.

శరదృతువులో చెట్ల తనిఖీ ఆయన వచ్చాడు. లిండెన్ ఆకులు ముందుగానే పలచబడ్డాయి. ఆయన సుత్తితో కాండాన్ని తట్టాడు, ఇసుక తవ్వి చూశాడు, తల పట్టుకున్నాడు. పడమటి గాలికి చెట్టును పట్టి ఉంచే పెద్ద వేరు అదేనట. అది లేకపోతే తుఫానులో చెట్టు నేరుగా సైకిళ్ళ మీద పడుతుంది. చలికాలం ముగిసేలోగా కొట్టేయాల్సిందే. కాండం మీద ఎర్ర రంగుతో గుర్తు వేసి పోయాడు.

పేపరువాళ్ళు ఎగ్బర్ట్‌ను అడిగితే అదే కథ చెప్పాడు. వాళ్ళు అదే వేశారు: తూలి పడిన వృద్ధురాలి కోసం చేసిన మంచిపని, పాపం, చెట్టు ప్రాణం మీదికి వచ్చిందని. ఆవిడ పేరు వేయలేదు. వేయాల్సిన పనేముంది? కొత్తగా నాలుగు చక్రాల నడక బండి తోసుకుంటూ ఆ చెట్టు కిందికి వచ్చే ముసలావిడ ఊళ్ళో ఎంతమంది ఉన్నారు? రొట్టెల దుకాణంలో ఒకామె ఆ బండి వంక చూసి, పక్కావిడ చెవిలో ఏదో అంది. సైకిలు మీద పోతున్న ఒక కుర్రకుంక, “ఇంట్లో కూర్చోవచ్చుగా బామ్మా, చెట్లన్నా బతుకుతాయి!” అని అరిచిపోయాడు. నేను బస్సులో ఉంటే ఏం చేసేదాన్నో చెప్పను.

ఒకరోజు చెట్టుకు అట్టముక్క ఒకటి కట్టి ఉంది. ‘ఎవరో కింద చూసి నడవలేకపోయారు, అందుకు నేను చావాలి’ అని దాని మీద అందమైన రాత. వాల్బుర్గా కళ్ళద్దాలు పెట్టుకుని చదివింది. నేను ఆ అట్టను పీకి నాలుగు ముక్కలు చేశాను. అప్పటికే ఆలస్యమైంది.

“నిజమే కదే పిల్లా,” అంది. “నిలబెట్టిందాన్ని నేనే, పడగొట్టిందాన్నీ నేనే.”

“నువ్వేం పడగొట్టావ్? రంపం నీ చేతిలో ఉందా?”

“నా కోసమే కదా కోశాడు. మంచి మనసుతోనే కోశాడు. నేను కాలు ఎత్తి వేసుంటే ఇదంతా ఉండేది కాదు.”

మర్నాటి నుంచి ఆవిడ ప్రొమెనాడ్‌కు రావడం మానేసింది. ప్రొమెనాడ్‌కు రాని వాల్బుర్గా అంటే ఏమిటో బయటివాళ్ళకు తెలియదు. భర్త పోయిన రోజు కూడా సాయంత్రం ఒక చుట్టు తిరిగి వచ్చిన మనిషి. ఇప్పుడు కిటికీ తెర వేసుకుని, రేడియో పెట్టుకుని కూర్చుంది. కుర్చీలోంచి లేవమంటే కాళ్ళు నొప్పులంది. క్రిస్మస్ దాటేసరికి ఆ కాళ్ళు నిజంగానే లేవడం తగ్గించాయి. నేను రోజూ పోయి తిట్టాను, బతిమాలాను, మళ్ళీ తిట్టాను. గోడకు చెప్పినట్టే అయింది. పుట్టి బుద్ధెరిగాక ఎవరి చెట్టుకొమ్మా విరవని మనిషి, హత్య చేసినదానిలా తల వంచుకుని కూర్చుంటే నా కడుపు మండిపోయేది. ఎవరి మీద మండాలో మాత్రం తెలిసేది కాదు. మంచి చేయబోయినవాణ్ణి ఎలా తిడతాం?

జనవరి ఆఖరున మా సంఘం కేల్ ఆకుకూర విందు. చలికి మగ్గిన కేల్ ఆకుకు తియ్యదనం పట్టాక, చేతిబండిలో సారా సీసాలు పెట్టుకుని ప్రొమెనాడ్ చుట్టూ నడవాలి, వణుకు పుట్టినప్పుడల్లా ఒక గుక్క వేయాలి. తర్వాత సత్రంలో కూర్చుని కేల్ కూర, పొగబెట్టిన సాసేజులు, ఉడికించిన ఆలుగడ్డలు. చివర్లో ఒకరిని కేల్ రాజుగా ఎన్నుకుని, పంది దవడ ఎముకను రిబ్బనుకు కట్టి మెడలో వేస్తాం. నడకకు కాకపోయినా విందుకైనా రావాలని వాల్బుర్గా గుమ్మం ముందు భీష్మించుకు కూర్చున్నాను. రాకపోతే కదలనన్నాను. చలికి నేను దగ్గడం మొదలుపెట్టాక జాలిపడి కోటు వేసుకుంది.

రాజు ఎవరో మీరు ఊహించే ఉంటారు. దవడ ఎముక మెడలో వేసుకుని ఎగ్బర్ట్ లేచాడు. రాజుగారి ప్రసంగం మొదలైంది. సంఘం పురోగతి, ఆటస్థలం అభివృద్ధి, ఓస్నాబ్రూక్ మీద రాబోయే గెలుపు. తర్వాత సంచిలోంచి గుడ్డలో చుట్టిన ఒక వస్తువు తీసి బల్ల మధ్య పెట్టాడు.

“మన సంఘం మొదటి బహుమతి కప్పు,” అన్నాడు. “కప్పు అంటే కప్పు కాదు. మన లిండెన్ వేరు ముక్క. నేనే చదును చేసి, నేనే మెరుగు పెట్టి, అక్షరాలు నేనే కాల్చి చెక్కాను. ఆ రాత్రే చెక్కాను, ఆలస్యం చేయకుండా. చెట్టు పోయినా గుర్తు ఉంటుంది కదా.”

ఎంత అందంగా ఉందో! పళ్ళెమంత గుండ్రటి ముక్క, తేనె రంగులో మెరుస్తోంది. ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి వెళ్ళింది. వాల్బుర్గా ముందుకు వచ్చేసరికి ఆవిడ తాకలేదు, చేతులు ఒళ్ళో పెట్టుకుంది. నేను అందుకున్నాను. అంచు చుట్టూ ఒకే కొలతలో అక్షరాలు కాల్చి ఉన్నాయి. ‘ఆటస్థలం చదును చేసిన రోజు. బుధవారం, దివ్యసత్ప్రసాద పండుగ ముందురోజు.’

ఒకసారి చదివాను. మళ్ళీ చదివాను. మూడోసారి పైకి చదివాను.

“ఎగ్బర్ట్,” అన్నాను, “వాల్బుర్గా ఎప్పుడు పడింది?”

“అదిప్పుడు ఎందుకు రోస్విథా? విందు...”

“ఎప్పుడు పడింది?”

జవాబు బల్ల చివర్లోంచి ఆలోయిస్ చెప్పాడు. మాలో చర్చికి తప్పకుండా పోయేవాడు ఆయనొక్కడే. “పండుగ రోజునే కదా. ఊరేగింపులో ఫాదరుగారి మీద పట్టే గొడుగు కర్ర పట్టుకుని నేనే ఉన్నాను. గంటలు మోగుతుంటే అంబులెన్సు అడ్డం వచ్చింది, మేమంతా ఆగిపోయాం. లోపల మన వాల్బుర్గా అని తర్వాత తెలిసింది. గురువారం.”

“గురువారం,” అన్నాను. “మరి వేరు బుధవారమే పోతే, గురువారం నాడు ఈవిడ దేన్ని తట్టుకుని పడిందయ్యా?”

సాసేజు కోస్తున్న కత్తుల చప్పుడు ఆగిపోయింది. ఎగ్బర్ట్ మెడలో పంది దవడ వేలాడుతోంది. మొహం ఎర్రబడింది.

“నాకు... కోసింది శుక్రవారం అని గుర్తు,” అన్నాడు.

“అయితే తేదీ తప్పు వేశావా?”

ఇక్కడ ఆయనకు తప్పించుకునే దారి ఉంది. అవును, తప్పు వేశాను అంటే అయిపోయేది. ఆ మాట నాలుక చివర దాకా రావడం నేను చూశాను. కానీ జామ్ సీసాలకు తేదీలు అంటించిన మనిషి, జీవితమంతా ఊరి సరిహద్దులు కొలిచిన మనిషి! గడ్డం పైకెత్తాడు.

“నేను తేదీలు తప్పు వేయను,” అన్నాడు.

అన్నాక తానేమన్నాడో తనకే తెలిసింది. మెల్లగా కూర్చున్నాడు. చెప్పిందే చెప్పి చెప్పి ఆ కథను ఆయనే నమ్మేసి ఉంటాడు. ఆ చెక్కముక్క మాత్రం ఆ కథ వినలేదు.

“గుండు తగిలి ఎగిరిందని కోశావు,” అన్నాను. నా గొంతు వంటింటి దాకా వినబడే ఉంటుంది. “ఓస్నాబ్రూక్ వాడు నవ్వాడని కోశావు. కోసి, ఇసుక పోసి, ఇంటికి పోయి కప్పు చేసుకున్నావు! మర్నాడు ఈవిడ పడితే, నీ పాపం తీసుకెళ్ళి ఈవిడ కాళ్ళకు చుట్టావు. పూలగుత్తి తెచ్చి మరీ చుట్టావు! చెట్టు చావుకు ఈవిడే కారణమని ఊరంతా అంటుంటే రోజూ రొట్టె కొనుక్కుని ఇంటికి పోయావు. నీకు ముద్ద ఎలా దిగిందయ్యా?”

“ఎవరికీ హాని చేయాలని కాదు...” అన్నాడు. “ఆవిడ కళ్ళు మూసుకుని పడుంటే... ఎలా చెప్పను?”

అప్పుడు వాల్బుర్గా నోరు విప్పింది. ఆయన వంక చూడటం లేదు, ఆ ముక్క వంక చూస్తోంది.

“నాకు ఒక కల వస్తూ ఉండేది,” అంది. “నా చేతికర్రను గాల్లో ఆనించినట్టు. అత్తగారి మీద కర్ర ఆనించి, అప్పుడు ఎడమ కాలు వేసేదాన్ని. ఎన్నో ఏళ్ళ అలవాటు, కింద చూసేదాన్ని కాదు. కలలో కర్ర ఆనేది కాదు. అలా దిగిపోతూనే ఉండేది. కల కాదన్నమాట.”

ఆవిడ రెండు చేతులూ చాచి ఆ ముక్కను ఒళ్ళోకి తీసుకుంది.

“నేను తట్టుకోలేదు,” అంది. “అది అక్కడ ఉండి ఉంటే నేను పడేదాన్నే కాదు.”

ఎగ్బర్ట్ మర్నాడే రాజీనామా ఇచ్చాడు. రాతపూర్వకంగా, నియమావళిలో ఉన్న గడువు పాటిస్తూ. నగరపాలక వాళ్ళకు కూడా తానే వెళ్ళి నిజం చెప్పుకున్నాడని విన్నాను. పేపరువాళ్ళు సవరణ వేశారు, లోపలి పేజీలో, వాతావరణం కింద, బొటనవేలంత. తిట్టినవాళ్ళలో ఎవరూ వాల్బుర్గా తలుపు తట్టలేదు. అట్ట రాసిన అందమైన చేతి మనిషి ఇంకో అట్ట రాయలేదు. తిట్టడానికి గొంతులన్నీ ఒకటయ్యాయి, క్షమించమనడానికి ఒక్క గొంతూ లేవలేదు. నిజం తెలిసినంత మాత్రాన కోసిన వేరు అతుక్కోదు, ఎర్ర గుర్తు చెరిగిపోదు.

ఫిబ్రవరిలో ఒక ఉదయం వాళ్ళు వచ్చారు. నలుగురు మనుషులు, ఒక క్రేను, శంకులు, టేపు. అందరికీ నారింజ కోట్లు. సైకిళ్ళు బుద్ధిగా పక్క దారికి మళ్ళాయి. నడిచేవాళ్ళు బుద్ధిగా ఆగి, బుద్ధిగా చుట్టూ తిరిగి పోయారు. అవతలి బెంచీ దగ్గర టోపీ చేతిలో పట్టుకుని ఎగ్బర్ట్ నిలబడి ఉన్నాడు. నేను ఆయన వంక చూడలేదు.

వాల్బుర్గా టేపు దగ్గర ఆగలేదు. టేపును చేత్తో ఎత్తి, నడక బండిని దాని కిందినుంచి తోసుకుంటూ నేరుగా రంపం పట్టుకున్నవాడి ముందుకు పోయి నిలబడింది. బండి బుట్టలో ఆ వేరు ముక్క ఉంది.

“అమ్మా, ఇక్కడికి రాకూడదు,” అన్నాడు అతను.

“ఎవరు బాబూ నువ్వు?”

“చెట్టు కొట్టేవాళ్ళం.”

“అది కనబడుతూనే ఉంది. ఎవరు పంపారు? కాగితం చూపించు.”

అతను మిగతావాళ్ళ వంక చూశాడు. ఒకడు నవ్వాడు. “అమ్మా, ఇన్నేళ్ళలో మమ్మల్ని ఎవరూ అడగలేదు,” అన్నాడు రంపం పట్టుకున్నవాడు.

“తెలుసు,” అంది వాల్బుర్గా. “కాగితం చూపించు.”

అతను వెళ్ళి వ్యానులోంచి కాగితం తెచ్చాడు. ఆవిడ నడక బండికి బ్రేకు వేసింది, కళ్ళద్దాలు పెట్టుకుంది, మొదటి అక్షరం నుంచి సంతకం దాకా చదివింది. క్రేను ఆగి ఉంది. నలుగురు మగవాళ్ళు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. దారి మళ్ళిన సైకిళ్ళలో ఒకటి ఆగింది, తర్వాత ఇంకొకటి. చదవడం అయ్యాక ఆవిడ కాగితాన్ని జాగ్రత్తగా మడిచి అతని చేతికిచ్చింది.

“సరే,” అంది. “ఇప్పుడు కొట్టండి. మళ్ళీ నాటేటప్పుడు నాకు కబురు పెట్టండి. ఎవరో ఒకరు నిటారుగా పట్టుకోవాలి కదా.”